కాగితం పాడుచేసే హక్కు

పోయిన ఆగస్టులో ఒకరోజు, అన్నాల గంట కొట్టాక, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. మన పిల్లలు పిలిస్తేగానీ రారు. పిలిచినా ఒక కాలు బయటే ఉంచుతారు. చేతిలో పాత స్లిప్‌టెస్టు కాగితాలు. వాటి వెనక తెల్లగా ఉన్నచోటల్లా పెన్సిలు బొమ్మలు.

"సార్, నేను ఆర్టిస్టునవుదామనుకుంటన్నా. ఏం చెయ్యాల?"

నేను సోషల్ చెప్పే అయ్యవారిని. బొమ్మల సంగతి నాకేం తెలుసు? మా బళ్లో డ్రాయింగు మాస్టారి పోస్టు లేదు, అందుకని నా దగ్గరికొచ్చింది అనుకోవచ్చు. అసలు సంగతి అది కాదు. నేను మాదిగపల్లెలో పుట్టి, బీయే, బీఈడీ చేసి, 2012 డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్నోణ్ణి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని. ఆ పిల్లదీ పల్లే. వాళ్లమ్మ పొగాకు గ్రేడింగు షెడ్డుకి కూలికి పోద్ది. నాయన హైదరాబాదులో బేల్దారి పని. మన సారైతే నవ్వడులే అనుకుని వచ్చింది.

నవ్వలేదు. "ఆలోచించి చెప్తానమ్మా" అన్నా. ఆ చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది.

అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇదే ప్రశ్న ఇంకో పిల్లోడు అడిగితే ఒక్క నిమిషంలో చెప్పేశా. వాడు బడి ప్రహరీ మీద బొగ్గుతో మా మాస్టర్లందరి ముఖాలూ వేశాడు. ఎవరిది ఎవరిదో పేరు రాయక్కర్లేదు. హెడ్మాస్టరు కొట్టబోతే నేనే అడ్డంపడ్డా. తర్వాత వాణ్ణి పక్కకి పిలిచి ప్రేమగానే చెప్పా: "ముందు సదువుకోరా. ఉద్యోగమొచ్చాక నీ ఇష్టమొచ్చినన్ని బొమ్మలేసుకో. బొమ్మలు కూడు పెడతయ్యా?" వాడు తల ఊపాడు. సాయంత్రం గోడంతా వాడే కడిగాడు. నేను మంచిపని చేశాననుకున్నా.

వాడు పాలిటెక్నిక్‌లో చేరాడు. రెండేళ్లకి సబ్జెక్టులు మిగిలిపోయి మానేశాడు. ఈమధ్య టౌన్లో బస్టాండు దగ్గర నిచ్చెన మీద కనపడ్డాడు, ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కడతా. గబగబా దిగొచ్చి "నమస్తే సార్" అన్నాడు. టీ తాగుదాం రండి సార్ అని వాడే డబ్బులిచ్చాడు. బొమ్మలేస్తున్నావా అనడిగా. "ఎక్కడ సార్, అంతా కంప్యూటరే. ముఖాలు తెల్లగా చెయ్యమంటారు. చేస్తా" అన్నాడు. మళ్లీ వాడే, "ఆరోజు మీరు మంచే చెప్పారు సార్" అన్నాడు. ఎగతాళిగా అన్నా బాగుండేది. నిజంగానే అన్నాడు.

ఉద్యోగం కోసం బొమ్మ వదలమన్నా. ఉద్యోగమూ రాలేదు, బొమ్మా పోయింది. మరి బొమ్మలే వెయ్యరా అని చెప్పుంటే ఇవాళ తింటా ఉండేవాడా? అదీ తెలీదు. ఆకలున్న ఇంటిబిడ్డని కళ వైపు తొయ్యడం న్యాయమా, లాగెయ్యడం న్యాయమా? ఈ ప్రశ్న ఊళ్లో మేడలున్నోళ్లకి రాదు. వాళ్లకి వచ్చేది ఏ కాలేజీలో చేర్చాలి అన్న ప్రశ్న.

నా నోటి నుంచి అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చిందో వెతుక్కుంటే మా ఇంటి దూలం దగ్గరికి పోయా.

మా తాత చెప్పులు కుట్టేవాడు. లందలో తోలు నానేసి, సున్నంతో బొచ్చు ఊడ్చి, తంగేడు చెక్కతో పదునుచేసి, ఆరె, రంపె పట్టి కూచుంటే పొద్దు తెలిసేది కాదంట. ఆయన కిర్రుచెప్పులకి చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరు. అడుగేస్తే కిర్రుమనాల. ఆ చప్పుడు ఊరికే రాదు. అది చెవితో చేసే పని, చేత్తో చేసే పని కాదు అనేది మా నాయనమ్మ. ఆ చెప్పులేసుకుని పెద్దరైతు నడిస్తే వీధి చివరదాకా వినపడేది. కుట్టిన మా తాత మాత్రం అదే వీధిలో తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. కళ అన్న మాట ఆయన చెవిన ఎన్నడూ పడలేదు. పనితనం అనేవాళ్లు. అదీ పక్కూరు చుట్టానికి చూపించి గొప్పలు చెప్పుకునేటప్పుడు. ధర కట్టేటప్పుడు కాదు.

మా నాయన డప్పు. చావుకి కొట్టాల, జాతరకి కొట్టాల, చాటింపుకి కొట్టాల. వద్దు, ఇయ్యాల ఒళ్లు బాగాలేదు అనడానికి లేదు. కల్లంలో ఇచ్చే మేర గింజలే జీతం. ఎవరింట్లో ముసలాయన పోయినా, చెప్పాపెట్టకుండా పల్లెలోకి ఒక కేక వచ్చేది. ఆ కేకలో మా నాయనకి పేరు ఉండేది కాదు.

1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. మిగిలినోళ్లు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. మాకు అదంత దూరం కాదు. మా పల్లె పెద్దమనుషులు కూచుని ఇకమీద ఊరి చావులకి డప్పు కొట్టేది లేదన్నారు. మా నాయనకి అప్పుడు ఇరవై రెండేళ్లు. డప్పు తీసుకెళ్లి దూలానికి తగిలిచ్చాడు. ఊరు ఊరుకుంటదా? కొన్నాళ్లు పన్లోకి పిలవలేదు. అప్పులు పుట్టలేదు. అయినా డప్పు దిగలేదు. ఇదంతా నేను పుట్టక ముందు. నాకు ఊహ తెలిసేసరికి అది దూలానికి వేలాడే నల్లటి వస్తువు, అంతే. పిల్లలం ముట్టుకోబోతే అమ్మ అరిచేది.

ఒక కళాకారుడు తన కళని తనే మానుకున్న సంగతి ఏ కళల చరిత్రలోనైనా రాశారా? మా నాయన వాయించిన దరువులన్నిటికంటే ఆ తొమ్మిదేళ్ల ఊరుకోవడమే నాకు గొప్పగా కనపడద్ది. కళ పవిత్రం, కళని ఆపకూడదు, కళాకారుడు కళ కోసం పుట్టాడు అనేవాళ్లు మా ఇంటి దూలం కిందకొచ్చి ఒకసారి నిలబడాల.

1994 జులై 7న మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా పుట్టింది. నాకు ఆరేళ్లు. మా నాయన డప్పు దించాడు. తోలు పాడైపోయి ఉంది. కొత్తగా మేకతోలు తెచ్చి బిగించాడు. వరిగడ్డి మంటేసి కాచి, వేలితో తట్టి చూసి, మళ్లీ కాచాడు. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెనపుల్ల. అవే చేతులు. అదే దరువు. కానీ మనిషి నిలబడ్డ తీరు వేరు. అప్పుడు కొట్టమన్నోడు లేడు.

చెల్లీ, తమ్ముడూ, కళలోకి వద్దామనుకునే మీకు నేను చెప్పగలిగిన మొదటి సంగతి ఇదే. ఎట్టా గియ్యాల, ఎట్టా పాడాల అనేది తర్వాత. నిన్ను కొట్టమంటున్నది ఎవరు? ముందు అది చూసుకో.

ఇది ఊరోళ్ల గురించి మాత్రమే అంటున్నాననుకోవద్దు. మన సభలు చూడండి. జనం పోగయ్యేదాకా మన పిల్లల డప్పు, మన పిల్లల పాట. పోగయ్యాక మైకు పెద్దోళ్లది. గొంతు పోయేలా పాడిన పిల్లోడికి ఉద్యమం కోసమేగా అని చార్జీలు కూడా ఇవ్వం. ప్రెస్సోడికి ఇస్తాం, షామియానా వాడికి ఇస్తాం, మైకుసెట్టు వాడికి ఇస్తాం. పాటగాడికి కండువా కప్పుతాం. మేర గింజలకీ దీనికీ తేడా ఏంది? నేనూ కప్పినోణ్ణే కాబట్టి అడుగుతున్నా.

జాషువా 1932లో ఫిరదౌసి రాశాడు. గజనీ మహమ్మదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని కవితో ఏళ్లతరబడి కావ్యం రాయించుకుని, తీరా వెండి నాణేలు పంపిన కథ. దాన్ని పర్షియా కవి కథగా చదివి, ఆహా కరుణరసం అని మెచ్చుకున్నారు. పనిచేయించుకుని కూలి ఎగ్గొట్టిన కథ అది. మన పల్లెల్లో ఏ ముసలమ్మని అడిగినా అట్టాంటివి పది చెప్పుద్ది. వినుకొండలో పుట్టి అవమానాలు తిన్న మనిషికి, అన్ని కథల్లోకీ ఆ కథే ఎందుకు పట్టిందో నాకు ఆశ్చర్యం లేదు.

దర్శనం మొగులయ్యగారి సంగతి మనం చూసిందే. మెట్ల కిన్నెర వాయించే డక్కలి కళాకారుడు. సినిమాలో పాడాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 మేలో హైదరాబాదు శివార్లలో కట్టుబడి పనిలో కూలిగా ఉన్న ఆయన ఫొటో పేపర్లో చూశాం. అయ్యో అన్నాం. ప్రభుత్వాన్ని తిట్టాం. తిట్టాల్సిందే. కానీ డక్కలోళ్లని గడప అవతలే కూచోబెట్టి కథ చెప్పించుకుని, గింజలు పోసి పంపింది మాదిగలమైన మనమే కదా. మన కింద కూడా ఒక మెట్టు ఉందని తెలిసీ ఎక్కి కూచున్నాం. డబ్బులడగడం సిగ్గు కాదు అని పిల్లలకి చెప్పేముందు, ఇవ్వకపోవడం సిగ్గు అని మనం నేర్చుకోవాల.

ఇక ఆ పిల్ల దగ్గరికొస్తా.

కళాకారులవ్వాలనుకునేవాళ్లకి పుస్తకాల్లో చెప్పే సలహాలు కొన్ని చదివా. రోజూ సాధన చెయ్యి. తప్పులకి భయపడకు. ఎవరేమన్నా పట్టించుకోకు. మనసు చెప్పింది చెయ్యి. ఇవి అబద్ధాలు కాదు. కానీ తప్పు చెయ్యడానికి భయపడకు అని చెప్పేవాడు, తప్పు ఖరీదు అందరికీ ఒకటే అనుకుంటున్నాడు. ఊళ్లో పిల్లోడు బొమ్మ పాడుచేస్తే ఆ బొమ్మ పాడైంది అంటారు. పల్లె పిల్లోడు పాడుచేస్తే వీళ్లింతే అంటారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నల్లబల్ల మీద ఒక సంవత్సరం తప్పు రాస్తే, తోటి టీచరొకాయన "రిజర్వేషను చదువులు" అని నవ్వాడు. ఆయన తప్పులు ఆయనవే. నా తప్పులు మాత్రం నా జాతి మొత్తానివి. పదమూడేళ్లయినా ఇప్పటికీ బల్ల మీద ఏదన్నా రాసి తిరిగి చూసుకుంటా.

ఈ భయం మా పిల్లల చేతుల్లో కనపడద్ది. బొమ్మ వెయ్యమని కాగితమిస్తే పెన్సిలు ఆనీ ఆననట్టు పెడతారు. ఒక గీత గీసి మూడుసార్లు రబ్బరుతో చెరుపుతారు. కాగితం చిరిగేదాకా చెరుపుతారు. రెండో కాగితం అడగరు. ఇంట్లో ఏదీ రెండోది ఉండదు కదా. నాలుగు లైన్లు వంకరపోతే "నాకు రాదు సార్" అని ఇచ్చేస్తారు. రాదు కాదురా, ఇంకా పాడుచెయ్యలేదు. పాడుచెయ్యాలంటే కాగితం కావాల, టైం కావాల, తిట్టనోళ్లు కావాల. ఈ మూడూ ఎవరికి ఉన్నాయి? ప్రతిభ, పుట్టుకతో వచ్చింది, సరస్వతీ కటాక్షం అని మనం వినే మాటల వెనక, చిన్నప్పుడు ఎవరు ఎన్ని కాగితాలు పాడుచెయ్యగలిగారు అన్న లెక్క ఉంది. ఆ లెక్క మాత్రం ఎవరూ బయటపెట్టరు.

నా తప్పు ఇంకోటి కూడా చెప్పాల. అదే పిల్ల ఎనిమిదిలో ఉన్నప్పుడు, ఏప్రిల్ 14కి అంబేడ్కర్ బొమ్మ వెయ్యమన్నా. ఫొటో మీద గళ్లు గీసుకుని, చార్టు మీద గళ్లు గీసుకుని, గడి గడీ చూసి దింపింది. అందరం మెచ్చుకున్నాం. పూలదండ వేశాం. తన సొంత బొమ్మలు మాత్రం అప్పుడు నాకు చూపించలేదు. ఈ ఆగస్టులో స్లిప్‌టెస్టు కాగితాల వెనక చూస్తే అన్నీ గేదెలు. కాదు, గేదెల కొమ్ములు. ముందుకి వంగినవి, వెనక్కి తిరిగినవి, ఒకటి విరిగినవి. నేను లోపల కొంచెం నిరాశపడ్డా, నిజం చెప్పొద్దూ. గేదెలేందమ్మా, పల్లె జీవితం వెయ్యొచ్చుగా, మీ అమ్మ కష్టం వెయ్యొచ్చుగా అన్నా. ఆ పిల్ల నావైపు వింతగా చూసింది. "సార్, గేదెలన్నిటికీ ముఖాలు ఒకటేలాగుంటయ్. కొమ్ములు చూస్తేనే ఎవరి గేదో తెలిసిద్ది" అంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. కష్టం వెయ్యి, ఆకలి వెయ్యి, దెబ్బ వెయ్యి అని ఆ పిల్లకి చెప్పింది ఎవరు? నేను. అంటే నేనూ కొట్టమన్నోణ్ణే. మన బతుకులో వెలి ఉంది, దాన్ని వెయ్యాల, రాయాల, పాడాల. నేను కాదనను. కానీ దళితుడంటే ఏడుపు బొమ్మే వెయ్యాలని ఒక గిరి గీసి, అందులో కూచోమనడం ఇంకో రకం పల్లె కట్టడం కాదా? గేదె కొమ్ము చూసి ఆనందపడే హక్కు దామెర్ల రామారావుకి ఉన్నట్టే ఆ పిల్లకీ ఉండాల.

మర్నాడు భీమాయన పుస్తకం తీసుకెళ్లా. 2011లో నవయాన వాళ్లు వేసింది, అంబేడ్కర్ జీవితం బొమ్మల్లో. బొమ్మలేసింది పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం. మాటలు ఇంగ్లీషు, ఆ పిల్లకి అంతగా రాదు. బొమ్మలు చూసింది. అందులో పెట్టెలు గీసి మనుషుల్ని వాటిల్లో కుక్కలేదు. డిగ్నా అనే తమ గోడముగ్గు గీతలతోనే పేజీలు పంచుకున్నారు. నీళ్లు అని చెప్పాల్సిన చోట చేపలు. మహద్ చెరువు పోరాటం 1927లో జరిగిందని క్లాసులో చెప్తా ఉంటాం, నీళ్ల కోసం అంబేడ్కర్ పడ్డ బాధ చేపల్లో చూడొచ్చని నాకూ తెలీదు. పిల్ల చాలాసేపు తిరగేసి, "సార్, వీళ్లు గళ్లు గియ్యలేదు" అంది.

అప్పుడు చెప్పా, మూడు వారాలు నానబెట్టింది. గొప్పగా ఏం చెప్పలేదు. ఐదొందల కాగితాల కట్ట ఒకటి కొనిచ్చా. "ఇది సంక్రాంతి లోపల పాడుచెయ్యాల. బాగా వచ్చినవి నాకు చూపించొద్దు, పాడైనవి చూపించు" అన్నా. రబ్బరు తీసేసుకున్నా. ప్రతి కాగితం కింద పేరు, తేదీ వెయ్యమన్నా. తాత చెప్పుల మీద పేరు లేదు కదా, అది నా పట్టుదల. "ఇంటిపేరుతోనా సార్?" అంది. నేను ఆగిపోయా. ఇంటిపేరు చూస్తే కులం తెలిసిద్ది. నేను చేరిన కొత్తలో రెండేళ్లు ఇంటిపేరు పొడి అక్షరంతోనే నెట్టుకొచ్చా. నువ్వు మాత్రం పూర్తిగా రాయి అని ఏ ముఖంతో చెప్పను? "నీ ఇష్టమమ్మా" అన్నా.

దారులు కూడా చెప్పా. డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలుంటాయని, ఇంటరు తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ కోర్సు ఉంటదని, హైదరాబాదులో, విశాఖలో, కడపలో అది చెప్పే విశ్వవిద్యాలయాలున్నాయని. కూటికి ఒక పని చేతిలో ఉంచుకోవడం తప్పు కాదని కూడా చెప్పా. జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాలకి తెర పక్కన కథ చదివాడు, పంతులుగిరీ చేశాడు. గద్దర్ 1984 దాకా బ్యాంకులో పనిచేశాడు. ఉద్యోగమొచ్చాక మొదలెట్టలేదు వాళ్లు. పని చేసుకుంటానే రాశారు, పాడారు. ఆ పిల్లోడికి నేను చెప్పింది 'ముందు' అనే మాట. ఆ ఒక్క మాటే విషం. ముందు ఇది, తర్వాత అది అంటే, మన ఇళ్లల్లో ముందువే తీరవు. తర్వాత ఎప్పుడొచ్చిద్ది?

వాణ్ణి మళ్లీ కలవడానికి టౌనుకి పోయా. ఫ్లెక్సీ షాపులో ఉన్నాడు. క్షమించరా అనడానికి నోరు రాలేదు. బళ్లో ఆదివారాలు పిల్లలకి బొమ్మలు నేర్పుతావా, గంటకింత అని ఇస్తా అన్నా. "డబ్బులెందుకు సార్" అన్నాడు. తీసుకోవాల్సిందే అన్నా. ఆలోచించి చెప్తా అన్నాడు. ఇంకా చెప్పలేదు. నేను మూడు వారాలు తీసుకున్నోణ్ణి, వాణ్ణి తొందరపెట్టే హక్కు నాకు లేదు.

పోయిన నెల ఆ పిల్ల తల్లి బడికొచ్చింది. పొద్దున్నే, షెడ్డుకి పోతా పోతా. చేతివేళ్లకి పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది. గుమ్మం బయటే నిలబడి అడిగింది.

"ఈ బొమ్మలతో ఉద్యోగం వచ్చిద్దా సారూ?"

వచ్చిద్ది అనొచ్చు. రాదు అనొచ్చు. ఒకసారి ఒకటి అని చూశా. "తెలీదమ్మా" అన్నా.

ఆమె కాసేపు నేలచూపు చూసింది. "రాత్రి లైటేసుకుని కూచుంటంది. కరెంటు బిల్లు అని తిట్టా. మా గేదె కొమ్ము ఏసింది సారూ. పోయినేడు అమ్మేసినాం దాన్ని. ఎడం కొమ్ము అట్టాగే ఉండేది" అంది. బయట కూలోళ్ల ఆటో హారను కొట్టింది. రెండడుగులేసి వెనక్కి తిరిగి, "ఆ లోయరో ఏందో పరీక్ష, దానికి ఫీజెంత కట్టాల?" అనడిగింది.